పరిశోధనకు పేరు పెట్టడం: శిల్ప సమస్యా, నీతి సమస్యా?

పరిశోధన పత్రానికి శీర్షిక పెట్టడం చిన్న పని అనే అభిప్రాయం మన విశ్వవిద్యాలయాలలో స్థిరపడి వుంది. విషయమంతా వ్రాసి ముగించిన తరువాత, బైండింగుకు ఇవ్వబోయే ముందు, పర్యవేక్షకుడు ఒక మాటా విద్యార్థి ఒక మాటా కలిపి పై కాగితం నింపుతారు. లేదా దీనికి పూర్తిగా విరుద్ధంగా, ఒక్క పుట అయినా చదవకముందే దరఖాస్తు ఫారంలో శీర్షిక నమోదు అయిపోతుంది. ఆ తరువాత నాలుగైదేళ్ళ చదువంతా ఆ శీర్షిక కొలతలకు కుట్టించిన చొక్కాలాగా తయారవుతుంది. ఈ రెండు పద్ధతులకూ పైకి ఎంత భేదం కనిపించినా, రెండింటిలోనూ శీర్షిక ఒక లాంఛనమే. దానికి ఎవరూ బాధ్యత వహించరు.

నిజానికి శీర్షిక పరిశోధకుడు సమాజానికి ఇచ్చే మొదటి మాట. చాలామందికి అదే చివరి మాట కూడా. పత్రమంతా చదివేవారు ఆ రంగంలోని కొద్దిమంది. వారు తప్పు పట్టగలరు, ఆధారాలు అడగగలరు, లెక్కలు సరిచూడగలరు. శీర్షికను మాత్రమే చూసి పోయేవారిలో గ్రంథాలయ పట్టికను తిరగవేసే విద్యార్థి వుంటాడు, వార్త వ్రాసే విలేఖరి వుంటాడు, పాఠం తయారుచేసుకునే ఉపాధ్యాయుడు వుంటాడు, నిధులు మంజూరుచేసే అధికారి వుంటాడు. వారికి సరిచూసే తీరిక లేదు, సాధనం లేదు. నమ్మడం ఒక్కటే మిగిలింది. సంతలో తూకం తెలిసినవాడిని ఎవరూ మోసం చెయ్యరు. తూకం తెలియనివాడి ముందే వర్తకుడి నిజాయితీ తేలుతుంది. అందువల్ల శీర్షిక సమస్య మొదట నీతి సమస్య, ఆ తరువాతనే శిల్ప సమస్య.

పరిశోధన పద్ధతులను బోధించే గ్రంథాలు ఈ విషయాన్ని శిల్పం వైపు నుంచే చూస్తాయి. శీర్షిక పొడుగుగా వుండరాదు. ప్రధానమైన పదాలు ముందుకు రావాలి. పొడి అక్షరాల సంకేతాలు వాడరాదు. అవసరమైతే ఉపశీర్షికను జోడించాలి. ఇవన్నీ పనికివచ్చే సూత్రాలే. వీటిని తేలికచేయడం నా ఉద్దేశం కాదు. కాని ఇవి 'ఎలా కనిపించాలి' అనే ప్రశ్నకు సమాధానాలు. 'ఏమి కనిపించాలి' అనే ప్రశ్నను ఇవి ముట్టుకోవు. అబద్ధపు శీర్షిక కూడా ఈ సూత్రాలన్నింటినీ తు.చ. తప్పకుండా పాటించగలదు.

అయితే శీర్షికకు నీతి అంటే వినయమేనా? ఎవరి కంటా పడకుండా ఒదిగి వుండే శీర్షికే ఉత్తమమైనదా? ఈ ప్రశ్నకు సమాధానం మన భాషా చరిత్రలోనే వుంది.

1816లో మద్రాసులో ఎ. డి. క్యాంబెల్ ఆంగ్లంలో వ్రాసిన తెలుగు వ్యాకరణం వెలువడింది. దానికి ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలను నిర్మించిన ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ ఒక భాగం వ్రాశాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదనీ, తమిళ కన్నడాలతో కలిసి వేరొక కుటుంబానికి చెందినదనీ అందులో ధాతువులను పక్కపక్కన పెట్టి నిరూపించాడు. అది భారతీయ భాషా చరిత్రను తలక్రిందులు చేయగల సిద్ధాంతం. కాని దానికి పెట్టిన పేరేమిటి? 'ఉపోద్ఘాతానికి గమనిక'. అంటే మరొకరి పుస్తకంలో, ఉపోద్ఘాతానికి తోకగా, తనకంటూ పేరు లేకుండా అచ్చయింది. ఎల్లిస్ 1819లో మరణించాడు. నలభై సంవత్సరాలు గడిచిన తరువాత, 1856లో, కాల్డ్వెల్ 'ద్రావిడ లేదా దక్షిణ భారత భాషా కుటుంబపు తులనాత్మక వ్యాకరణం' అనే పేరుతో తన గ్రంథాన్ని ప్రకటించాడు. సిద్ధాంతం శీర్షికకెక్కింది. ఆనాటి నుంచి లోకానికి ద్రావిడ భాషా కుటుంబం అంటే కాల్డ్వెల్. ఆయన గ్రంథం వైశాల్యమూ లోతూ ఎల్లిస్ గమనికకు లేవన్న మాట నిజమే. కీర్తి అంతా శీర్షిక వల్ల వచ్చిందని ఎవరూ అనరు. కాని ఒక సత్యం పేరులేని గమనికగా పుట్టినందువల్ల దశాబ్దాల తరబడి కొద్దిమంది చేతుల్లోనే వుండిపోయిందన్న మాట కూడా అంతే నిజం. 2006లో థామస్ ట్రౌట్‌మన్ ఈ చరిత్రపై వ్రాసిన గ్రంథానికి 'మద్రాసులో ద్రావిడ నిరూపణ' అన్న మాటలను ఉపశీర్షికలో చేర్చి, 'మద్రాసు' అన్న ఒక్క మాటతో ఆ నిరూపణను అది జరిగిన చోటికి తిరిగి చేర్చాడు.

ఇందులో గమనించవలసిన మరొక అంశం వుంది. ఎల్లిస్ వాదానికి ఆధారమైన ముడిసరుకు ఆయన ఒంటరిగా సంపాదించినది కాదు. కళాశాలలోని పట్టాభిరామశాస్త్రి, 'ఆంధ్రదీపిక' నిఘంటుకర్త మచిలీపట్నం మామిడి వెంకయ్య వంటి తెలుగు పండితుల శ్రమ అందులో వుంది. గమనికలో వారి ప్రస్తావన వుంది. కాని గమనికకే పేరు లేనప్పుడు ఆ గమనిక లోపలివారికి పేరెక్కడిది? వినయం పేరిట సత్యాన్ని పాతిపెట్టినప్పుడు, దానితోపాటు దానికి శ్రమించినవారు కూడా పాతుకుపోతారు. కనుక చాటవలసినదాన్ని చాటకపోవడం సుగుణం కాదు. కనుగొన్న విషయం శీర్షికలో కనపడాలి. అది పాఠకుడి హక్కు.

ఇక రెండవ వైపు చూద్దాము. 1998లో 'లాన్సెట్' వైద్య పత్రికలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్, ఆయన సహచరులు ఒక పత్రం ప్రకటించారు. ప్రేగుల వ్యాధి పేర్లు, మానసిక వికాసానికి సంబంధించిన ఒక రుగ్మత పేరు వరుసగా చెప్పి, చివర 'పిల్లలలో' అన్న మాటతో శీర్షిక ముగుస్తుంది. పత్రంలో పరీక్షకు వచ్చిన పిల్లలు పన్నెండు మంది. శీర్షికలో ఆ పన్నెండు లేదు. తట్టు మొదలైన వ్యాధులకు ఇచ్చే టీకాకూ ఆ రుగ్మతకూ సంబంధం తాము రుజువు చేయలేదని పత్రం లోపల ఒక వాక్యం వుంది. విలేఖరుల ముందు మాత్రం వేక్‌ఫీల్డ్ ఆ టీకాను అనుమానించమన్నాడు. బ్రిటన్‌లో టీకాలు వేయించే తల్లిదండ్రుల సంఖ్య పడిపోయింది. తట్టు తిరిగి వచ్చింది. సమాచారాన్ని వంకర చేశారని బయటపడిన తరువాత, 2010లో ఆ పత్రిక పత్రాన్ని ఉపసంహరించింది. ఇంత అనర్థం శీర్షికే చేసిందని నేను వాదించను. శీర్షికలో టీకా ప్రసక్తే లేదు. ద్రోహం లోపల జరిగింది, బయట విలేఖరుల సమావేశంలో జరిగింది. కాని 'పన్నెండుమంది పిల్లలలో' అని శీర్షికలో వుండి వుంటే, ఏ సామాన్యుడైనా మొదటి చూపులోనే ఇది ఎంత చిన్న పునాది అని అడిగి వుండేవాడు. ఒక్క అంకె చేయగల రక్షణ అది. దాన్ని వదిలివేయడానికి ఏ దురుద్దేశమూ అక్కరలేదు. ఆ రంగంలో ఆచారం చాలు.

ఆ ఆచారం ఎంత దూరం పోతుందో 2021లో 'ప్లాస్ బయాలజీ' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. అల్జీమర్స్ వ్యాధిపై ఎలుకలతో చేసిన పరిశోధనల శీర్షికలను తీసుకుని, వాటిలో ఎలుకల పేరు ఎత్తినవెన్ని, ఎత్తనివెన్ని అని చూశారు. శీర్షికలో ఎలుక మాట లేని పత్రాల గురించి వ్రాసిన వార్తలలో కూడా, తలకట్టులో ఎలుక మాయమయే ధోరణి కనిపించింది. అంటే పరిశోధకుడు ఒక మాట మింగితే విలేఖరి కూడా దాన్ని మింగుతాడు. చివరికి మతిమరుపు వ్యాధితో మంచం పట్టిన తల్లి పక్కన కూర్చున్న కొడుకు, రేపో మాపో మందు వస్తుందని ఆశపడతాడు. ఆ ఆశకు మూలం ఎలుక బోను. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

ఈ రెండు వైపులనూ కలిపి చూస్తే శీర్షికకు సంబంధించిన నీతి సూత్రం తేటపడుతుంది. శీర్షిక పొలిమేరా పరిశోధన పొలిమేరా ఒక్కటి కావాలి. శీర్షిక లోపలికి కుంచించుకుపోతే సత్యం మరుగున పడుతుంది. వెలుపలికి పొర్లిపోతే అసత్యం చలామణీ అవుతుంది. రెండూ పాఠకుడి పట్ల అపరాధాలే.

మన తెలుగు పరిశోధనలకు వద్దాము. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల గ్రంథాలయాలలో సిద్ధాంత వ్యాసాల బీరువా ముందు నిలబడి వెన్నుల మీది పేర్లు చదివినవారికి ఈ విషయం కొత్త కాదు. 'ఫలానావారి కథలు - సమగ్ర పరిశీలన', 'ఫలానా నవలలు - విమర్శనాత్మక అధ్యయనం', 'ఫలానా కవిత్వం - సామాజిక చైతన్యం', 'ఫలానావారి రచనలు - ఒక పరిశీలన'. రచయిత పేరు మారుతుంది. మిగిలిన మాటలు అచ్చు దిమ్మలలాగా స్థిరంగా వుంటాయి. ఇవి మనకు ఏమి చెబుతున్నాయి?

'సమగ్ర' అన్న మాట తీసుకోండి. ఏ మానవుడూ ఏ రచయితనూ సమగ్రంగా పరిశీలించలేడు. అందరికీ తెలిసిన ఈ సంగతిని అందరూ మరచినట్లు నటించడం వల్ల ఆ మాట నిలబడి వుంది. 'విమర్శనాత్మక' అన్న విశేషణం ఇంకా విచిత్రమైనది. విమర్శ లేని పరిశోధన వుంటుందా? వుండదని ఒప్పుకుంటే ఆ విశేషణం వ్యర్థం. వుంటుందని ఒప్పుకుంటే పరిశోధన అన్న మాటకే అర్థం లేదు. 'ఒక పరిశీలన' అనేది వినయంగా కనిపిస్తుంది. నిజానికి అది తప్పించుకోవడం. ఏమి పరిశీలించావు, ఏమి తేలింది అని అడిగితే, అందులో దేనికీ కట్టుబడనక్కరలేని మాట అది. పైన చెప్పిన రెండు అపరాధాలూ ఇక్కడ ఒకే శీర్షికలో కాపురం చేస్తున్నాయి: పొలిమేర అంతా తనదే అంటుంది, కనుగొన్నది మాత్రం చెప్పదు.

మన వైపు వారు ఇక్కడ నవ్వుకోవలసిన పని లేదు. 'అభ్యుదయ దృక్పథం', 'సామాజిక చైతన్యం', 'వర్గ స్పృహ' అన్నవి కూడా నేడు అటువంటి దిమ్మలే అయినాయి. 'ఫలానావారి నవలల్లో అభ్యుదయ దృక్పథం' అని పేరు నమోదు అయిన రోజే నిర్ణయం జరిగిపోయింది. ఆ నవలల్లో అభ్యుదయ దృక్పథం లేదనో, సగమే వుందనో, కులం ప్రసక్తి వచ్చిన చోట అది తడబడిందనో తేలినా వ్రాయడానికి చోటు లేదు. నిర్ణయం ముందూ విచారణ తరువాతా జరిగే న్యాయస్థానాన్ని మనం బయట ఎక్కడ చూసినా ఖండిస్తాము. మన సిద్ధాంత వ్యాసాలలో మాత్రం దాన్ని పద్ధతి అని పిలుస్తున్నాము.

ఇదంతా వ్యక్తుల బద్ధకం వల్ల వచ్చిందనుకుంటే పొరపాటు. దీని వెనుక భౌతిక కారణాలు వున్నాయి. రిజిస్ట్రేషన్‌నాడే శీర్షిక ఖరారు కావాలి. తరువాత మార్చుకోవాలంటే దరఖాస్తులు, కమిటీలు, నెలల తరబడి తిరుగుడు. కూలి పనికి పోయే తల్లిదండ్రులు పంపిన డబ్బుతోనో, ఎప్పుడు వస్తుందో తెలియని ఫెలోషిప్పుతోనో చదివే విద్యార్థి ఆ తిరుగుడు భరించలేడు. ఏ అభ్యంతరమూ రాని శీర్షికే అతనికి క్షేమం. 'సమగ్ర పరిశీలన'కు ఏ కమిటీలోనూ అభ్యంతరం రాదు. ఇక అధ్యాపకుల సంగతి: 2010లో యు.జి.సి. నిబంధనలు నియామకాలకూ పదోన్నతులకూ ఎ.పి.ఐ. పాయింట్ల లెక్కను ప్రవేశపెట్టాయి. నిబంధనలు తరువాత మారినాయి గాని, పత్రాలను కొలిచే బదులు లెక్కపెట్టే అలవాటు పోలేదు. పత్రం సరుకైన చోట శీర్షిక ఆ సరుకు మీది చీటీ అవుతుంది. ఒకే పరిశోధనను మూడు ముక్కలు చేసి మూడు చీటీలు అంటించడమూ, చిన్న ముక్కకు పెద్ద చీటీ అంటించడమూ ఆ బజారు న్యాయమే. ఆ బజారును మార్చకుండా శీర్షికలు పూర్తిగా బాగుపడవు. కాని బజారు మారేదాకా తప్పుడు చీటీ అంటించే హక్కు మనకు వుందని దీని అర్థం కాదు.

పేరు బాధ్యతతో పెట్టినప్పుడు ఏమి జరుగుతుందో చూపడానికి మన దగ్గరే మంచి ఉదాహరణలు వున్నాయి. బిరుదురాజు రామరాజుగారి సిద్ధాంత గ్రంథం 1958లో 'తెలుగు జానపద గేయ సాహిత్యము' అన్న పేరుతో పుస్తకంగా వచ్చింది. ఈనాడు ఈ పేరు మనకు మామూలుగా కనిపిస్తుంది. కాని ఏతాం తొక్కేవాడి పాటనూ తిరగలి విసిరే ఆమె పాటనూ 'సాహిత్యము' అన్న మాట పక్కన నిలబెట్టడం ఆనాడు ఒక వాదం. కావ్యమే సాహిత్యమనుకునే పండిత లోకానికి, ఆ వాదం అట్ట మీదనే ఎదురైంది. తరువాతి పుటలన్నీ దానికి రుజువు. సి. నారాయణరెడ్డిగారి 'ఆధునికాంధ్ర కవిత్వము - సంప్రదాయములు, ప్రయోగములు' (1967) మరొక రకం. అందులోని ఉపశీర్షిక విషయాన్ని విభజించి ఊరుకోదు. సంప్రదాయమూ ప్రయోగమూ ఒకదానితో ఒకటి ఎలా పెనగులాడాయనే ప్రశ్నను పాఠకుడి చేతిలో పెడుతుంది. సమాధానంతో మనం ఏకీభవించకపోవచ్చు. ప్రశ్న మాత్రం స్పష్టం.

1949లో వెలువడిన సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను మరికొంత జాగ్రత్తగా చూడాలి. 'సాంఘిక' అన్న ఆ ఒక్క మాట రాజుల చరిత్రను పక్కకు నెట్టి, జనం తిన్న తిండికీ కట్టిన బట్టకూ ఆడిన ఆటకూ చరిత్రలో పీట వేసింది. అది గొప్ప శీర్షిక. అయినా నేటి విద్యార్థి అడగదగిన ప్రశ్న ఒకటి వుంది. ఆ గ్రంథానికి ఆధారాలలో అధిక భాగం కావ్యాలు. కావ్యం వ్రాసినవాడికి కనిపించిన జనం ఎవరు? కనిపించనివారెవరు? 'ఆంధ్రులు' అన్న మాటలో వీరందరూ సమానంగా వచ్చారా? ఈ ప్రశ్న ఆ గ్రంథాన్ని తగ్గించడానికి కాదు. గొప్ప శీర్షిక తరువాతివారికి పని చూపెడుతుందని చెప్పడానికి. ఇక డి. డి. కొశాంబి 1956లో ప్రకటించిన గ్రంథానికి 'భారత చరిత్ర' అని పేరు పెట్టలేదు. 'భారత చరిత్ర అధ్యయనానికి పరిచయం' అన్నాడు. తాను చరిత్రనంతా వ్రాయలేదు, దాన్ని చదివే మార్గం చూపాను అని అర్థం. ఆ గ్రంథం ఎంత పెద్ద మార్పు తెచ్చిందో చరిత్ర విద్యార్థులకు తెలుసు. కొలతకు లోబడిన శీర్షిక గ్రంథాన్ని చిన్నది చేయదు.

ఇక్కడ అన్నింటికంటే కష్టమైన ప్రశ్న ఎదురవుతుంది. పొలిమేర సరిగా గీసినంత మాత్రాన సరిపోదు. పొలిమేర లోపల వున్నదాన్ని ఏ పేరుతో పిలవాలి? పేరు పెట్టడం అంటే పక్షం వహించడం. 1948 సెప్టెంబరు 17 గురించి వ్రాసేవాడు దాన్ని విమోచన అనాలా, విలీనం అనాలా, ఆక్రమణ అనాలా? ప్రభుత్వం ఆనాడు సైన్యాన్ని పంపి దానికి 'పోలీసు చర్య' అని పేరు పెట్టింది. 2022లో ఆ తేదీన కేంద్ర ప్రభుత్వం 'విమోచన దినం' జరిపింది. అదే హైదరాబాదులో రాష్ట్ర ప్రభుత్వం 'జాతీయ సమైక్యతా దినం' జరిపింది. 2024లో తరువాతి రాష్ట్ర ప్రభుత్వం దాన్ని 'ప్రజాపాలన దినోత్సవం' అన్నది. ఒక్క తేదీకి ఇన్ని పేర్లు. ఏ పేరు శీర్షికలో పెట్టినా మిగతా పేర్లవారితో తగాదా పడినట్లే. ఏ పేరూ పెట్టకుండా తటస్థంగా వుందామనుకునేవాడు 'పోలీసు చర్య' అంటాడు. అది తటస్థత కాదు. అధికారంలో వున్నవాడు పెట్టిన పేరు అలవాటైపోయి తటస్థంగా వినిపిస్తుంది, అంతే.

కనుక అభ్యుదయ పరిశోధకుడు పక్షం వహించక తప్పదు. కాని వహించిన పక్షానికి పత్రం లోపల ఆధారం చూపక కూడా తప్పదు. ఇందులో మనవారు జారిన సందర్భం ఒకటి చెప్పుకోవాలి. 1857 తిరుగుబాటు మీద మార్క్సు, ఎంగెల్సు న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌కు 1857-58 సంవత్సరాలలో వ్యాసాలు వ్రాశారు. 'భారత సైన్యంలో తిరుగుబాటు', 'భారతీయ తిరుగుబాటు' అన్నవి వాటిలో కొన్నింటి పేర్లు. ఇంగ్లీషు పాలకులు సైనికుల అల్లరి అంటున్నది నిజానికి జాతీయ తిరుగుబాటు అన్న అభిప్రాయానికి మార్క్సు తొలి నెలల్లోనే వచ్చాడు. 1959లో మాస్కో ప్రచురణాలయం ఆ వ్యాసాలను సంపుటంగా వేసినప్పుడు, 'భారత ప్రథమ స్వాతంత్ర్య యుద్ధం' అని పేరు పెట్టింది. ఆ పేరు మార్క్సు పెట్టినది కాదు. అప్పటికి యాభై ఏళ్ళ క్రిందటే, 1909లో, సావర్కర్ తన పుస్తకం ద్వారా ప్రచారంలోకి తెచ్చిన పేరుకు అది దగ్గర. సంపుటాన్ని చదవకుండా అట్టను మాత్రం చూసినవారు 'మార్క్సు దీన్ని ప్రథమ స్వాతంత్ర్య యుద్ధం అన్నాడు' అని వ్రాస్తూ వచ్చారు. వేదికల మీద చెబుతూ వచ్చారు. ఆ పేరు రాజకీయంగా సరైనది కావచ్చు, కాకపోవచ్చు. అది వేరే చర్చ. కాని ఒక రచయిత నోట అతడు అనని మాట పెట్టడం, మన ప్రచురణాలయమే పెట్టినా, న్యాయం కాదు. జాతీయ తిరుగుబాటు అనే మాట కూడా చిన్నదేమీ కాదు. ఉన్నదానితో సరిపెట్టుకోలేని ఉత్సాహం శీర్షికను పెంచింది. మనకు నచ్చిన అతిశయోక్తి కూడా అతిశయోక్తే.

పేరులోనే గాయం వున్న సందర్భాలు మరి కొన్ని వున్నాయి. 1871లో బ్రిటిషు ప్రభుత్వం 'నేరస్థ తెగల చట్టం' తెచ్చింది. పుట్టుకతోనే నేరస్థులని కొన్ని తెగల మీద ముద్ర వేసి, హాజరు పట్టీలు పెట్టి, సెటిల్‌మెంట్లలో కూర్చోబెట్టింది. మన బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఆ చరిత్రలో పుట్టినదే. 1952లో చట్టం పోయినా పేరు పోలేదు. ఆ తెగల మీద పరిశోధన చేసేవాడు ఆ మాటను శీర్షికలో ఎత్తకపోతే చరిత్ర చెప్పలేడు. ఎత్తితే ముద్రను మళ్ళీ వేసినవాడవుతాడు. ఈ సంకటాన్ని మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన తన గ్రంథానికి పేరు పెట్టడంలో ఎదుర్కొన్నది. ప్రధాన శీర్షికలో చరిత్ర చేత అవమానం పాలైనవారు అన్న భావాన్ని నిలిపింది. 'నేరస్థ తెగలు' అన్న మాటను ఉపశీర్షికలోకి దింపి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టింది; దాని పక్కనే బ్రిటిషు వలస విధానం అన్న మాటను చేర్చింది. మాట వుంది, కాని అది ఎవరి మాటో కూడా వుంది. రెండు చిన్న గుర్తులు ముద్రను వేసినవాడి చేతికే తిరిగి అప్పగించాయి. శిల్పం నీతికి సేవ చేయడం అంటే ఇదే.

ఇంతవరకు చెప్పినదాన్ని ఒక ఊహా ఉదాహరణతో పరీక్షించుకుందాము. ఒక విద్యార్థిని చేనేత కథల మీద పరిశోధన చేస్తున్నదనుకోండి. ఆమె ఫారంలో వున్న శీర్షిక 'తెలుగు కథల్లో చేనేత కార్మికుల జీవితం - సమగ్ర పరిశీలన'. ఆమె నిజంగా చదివినవి 1990కీ 2010కీ మధ్య వచ్చిన నలభై కథలు. వాటిలో ఆమెకు తేలినదేమిటంటే: కథకుడు 'నేతగాడు' అన్నప్పుడల్లా మగ్గం గుంటలో కూర్చున్న మగవాడినే చూశాడు. కండెలు చుట్టే భార్య, ఆసు పోసే తల్లి కథల్లో కనిపిస్తారు. కాని వారు 'సాయం చేస్తారు', 'పని' చెయ్యరు. కూలి లెక్క వచ్చిన చోట వారి శ్రమ ఆ లెక్కలో లేదు. ఇది విలువైన పరిశీలన. పాత శీర్షిక దీన్ని పూర్తిగా దాచివేస్తుంది. అంతేకాక ఆ కథకులు చేసిన పొరపాటునే తానూ చేస్తుంది. ఎందుకంటే 'కార్మికుల' అన్న మాట వెనుక ఆ స్త్రీలు మళ్ళీ మాయమయారు. దాని బదులు 'కండె చుట్టే చెయ్యి: నలభై చేనేత కథల్లో (1990-2010) లెక్కకు రాని స్త్రీల శ్రమ' అని పెడితే ఏమవుతుంది? ఎన్ని కథలో తెలిసింది, ఏ కాలమో తెలిసింది, ఏమి తేలిందో తెలిసింది, ఎవరి పక్షమో తెలిసింది. తప్పు అనిపించినవాడు ఏ కథలు చూపి ఖండించాలో కూడా తెలిసింది. ఈ చివరిది అన్నింటికంటే ముఖ్యం. ఖండించడానికి వీలిచ్చే శీర్షికే నిజాయితీ కలది. 'సమగ్ర పరిశీలన'ను ఎవడు ఖండించగలడు?

పోచంపల్లి చీరల నేతలో ఈ ఆసు పోసే పని స్త్రీల భుజాలను అరగదీసేది. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. నేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం, తల్లి పడే ఈ బాధ చూసి 1999లో ఆ పని చేసే యంత్రం తయారుచేసి, దానికి 'లక్ష్మి ఆసు యంత్రం' అని తల్లి పేరు పెట్టాడు. ఏ చట్టమూ ఏ కూలి పట్టీ గుర్తించని శ్రమకు ఆ పేరు ఒక గుర్తింపు అయింది. ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాదు. పేరు ఎవరికి చెందాలో ఆయనకు తెలుసు. మన పరిశోధకులు ఆ పాటి వివేకం చూపగలిగితే చాలు.

కాబట్టి శీర్షిక వ్రాసిన ప్రతి విద్యార్థీ, దాన్ని ఆమోదించే ప్రతి అధ్యాపకుడూ నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. లోపల లేనిదేదైనా ఇది వాగ్దానం చేస్తున్నదా? లోపల వున్నదేదైనా ఇది దాచుతున్నదా? ఇందులోని పేర్లు ఎవరు పెట్టినవి, వాటిని నేను తెలిసి వాడుతున్నానా? నా అభిప్రాయంతో విభేదించేవాడు దీన్ని పట్టుకుని నన్ను నిలదీయగలడా? ఈ ప్రశ్నలకు నిలబడిన శీర్షిక నాలుగు మాటలదైనా పద్నాలుగు మాటలదైనా ఒక్కటే. అధ్యాపకులపై మరొక బాధ్యత కూడా వుంది: పరిశోధన సాగినకొద్దీ శీర్షికను మార్చుకునే స్వేచ్ఛ విద్యార్థికి వుండాలని విశ్వవిద్యాలయాలలో పోరాడడం. కనుగొన్న తరువాత కూడా పాత పేరునే మోయమనడం, కనుగొనవద్దు అని చెప్పడమే అవుతుంది.

సామాన్య ప్రజలు మన పత్రాలు చదవరు. వారి పన్నుల డబ్బుతో నడిచే గ్రంథాలయాలలో మన పుస్తకాల వెన్నుల మీది పేర్లు మాత్రం వారి పిల్లలు చదువుతారు. ఏ పుస్తకం బయటికి తీయాలో, ఏది బీరువాలోనే వదిలివేయాలో ఆ పేర్లను నమ్మే నిర్ణయించుకుంటారు. ఆ నమ్మకానికి తగిన పేరు పెట్టడం పరిశోధనలో భాగమే.